సున్నా రాయికి ఇవతల

ముందే మన్నించమని అడుగుతున్నాను. ఇందులో ఒత్తులు ఉండవలసిన చోట లేకపోవచ్చు, అక్కర్లేని చోట ఉండవచ్చు. చెయ్యి నెమ్మది. గంప ఎత్తడానికీ దించడానికీ అలవాటైన చెయ్యి, యాభై దాటాక కలం పట్టింది. నాలుగు వరుసలు రాసేసరికి అడ్డపొగ చుట్ట ఒకటి నోట్లోనే కాలిపోతోంది. ‘నేను’ అని మొదలుపెడితే సిగ్గేసి ఆగిపోతున్నాను. అందుకని మరిడమ్మ అనే మనిషి వెనకాల నడుస్తూ చూసినట్టు రాస్తున్నాను. చదివేవారు కొంచెం ఓపిక పట్టాలి.

మొదటి తాడు గడప దగ్గర మొదలైంది. మరిడమ్మ తాడు కొసను బొటనవేలి కింద అదిమి నిలబడితే, కోడలు తవిటమ్మ రెండో కొస పట్టుకుని ఇసకలో రేవు వైపు నడిచింది. తాడు ఆమె వెనకాల సాగి సాగి చివరికి బిగిసింది, బిగిసినప్పుడు దాంట్లోంచి పాత ఉప్పు పొడిపొడిగా రాలింది. ‘ఆగే!’ అని అరిచి మరిడమ్మ కొంగులో ఒక గవ్వ వేసుకుంది. ఒక తాడు. ఇలాంటివి ఇరవై రెండు కావాలి. ఇరవై రెండు గవ్వలు పడ్డాక రేవులోని మైలురాయి వస్తే, తొమ్మిదేళ్ళుగా తను కట్టిన లెక్క నిజం. ఏ పదిహేనుకో పదహారుకో వచ్చేసిందంటే, వద్దు, ఇప్పటినుంచే అది అనుకోవడం ఎందుకు, పొద్దు సముద్రం మీద బెత్తెడు కూడా లేవలేదు, కాలి కింద ఇసక చల్లగా ఉంది, ఎవరింట్లోనో కవళ్ళ చేపలు కాలుతున్న వాసన, ఇలాంటి పొద్దున్న చెడ్డ లెక్క రాదు. తాడు పెనిమిటి లక్ష్ముడిది. ఆయన పోయాక తెప్ప కొడుకు ఎల్లాజీకి పోయింది, వలలు చీకిపోయాయి, ఈ తాడు మాత్రం చూరులో ఉండిపోయింది. సరిగ్గా నలభై బారలు. రెండు చేతులూ బార్లా చాపి, ఒక కొస కుడి గుప్పిట్లో, ఒక కొస ఎడమ గుప్పిట్లో, ఇంతకొకటి ఇంతకొకటి అని ప్రతి బారకీ ఒక గుడ్డపీలిక కట్టాడు ఆయన. కడుతుంటే పక్కన కూర్చుని పీలికలు చింపి ఇచ్చింది తనే. ఆ రోజు తన పాత ఎర్రచీర చిరిగిపోయిందని ఏడ్చింది కూడా. ఇప్పుడు నలభై పీలికల్లో ఎరుపన్నది ఎక్కడా లేదు, అన్నీ ఒకే ఉప్పు రంగు.

రెండు. మూడు. వంగి లేచి నడవడం, మళ్ళీ తొక్కి పట్టడం. ‘ఓలత్తా, ఈ కర్ర నాకెందుకిచ్చినావు, మొయ్యలేక సస్తన్నాను,’ అంటుంది తవిటమ్మ. కర్ర అంటే గజం బద్ద, మరిడమ్మకి అక్షరాలు నేర్పే పార్వతీదేవిగారి అన్నగారి బట్టలకొట్లోది. మా అన్నయ్య చూడకముందే తెచ్చిచ్చెయ్యాలి సుమా అని ఆవిడ కొంగు చాటున దాచి మరీ ఇచ్చింది. మైలు అంటే పదిహేడువందల అరవై గజాలు, దీంతో కొలుచుకో అంది. పదిహేడువందల అరవై సార్లు ఇసకలో వంగితే ఈ నడుం మళ్ళీ ఎవరిస్తారు? బార అంటే రెండు గజాలే కదమ్మగోరూ, మాయింట్లో తాడుంది అని మరిడమ్మ అంటే ఆవిడ పలక తీసి లెక్క వేసి, అయితే ఇరవై రెండు తాళ్ళు అని చెప్పింది. పార్వతీదేవిగారి పలక అంటే ఎంత ముద్దో. చుట్టూ చెక్క అంచు, మూలకి వేలాడే తడిగుడ్డ. ఏడో రాయి దగ్గర ఊళ్ళో కోమట్ల వీధి చివరిల్లు వాళ్ళది. పన్నెండేళ్ళ కిందట భర్త పోయి పుట్టింటికి వచ్చిన మనిషి, ఆ వీధి దాటి వెళ్ళలేదు. వాళ్ళింట్లో చేపలు తినరు, చేప పేరు చెప్తేనే ముక్కు మూసుకుంటారు. అటువంటి ఇంటి అరుగు మీద మరిడమ్మ ఎలా కూర్చుంది అంటే, ఒక మిట్టమధ్యాహ్నం చేపలన్నీ అమ్ముడైపోయి ఎండకి కళ్ళు తిరిగి, ఎవరిల్లో చూడకుండా ఆ నీడలో కూలబడింది. లోపలినుంచి ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి, ఎత్తునుంచి దోసిట్లో పోస్తూ, ‘ఆ గంప అవతల పెట్టి, చేతులు కడుక్కుని, గాలికి అటు పక్కన కూర్చో. సముద్రం చూసి పన్నెండేళ్ళయింది, ఎలా ఉందో చెప్పు,’ అంది. ఎలా ఉందని చెప్తుంది? ‘అలాగే ఉన్నాదమ్మా’ అంది మరిడమ్మ. ఆవిడ పకపకా నవ్వింది. తర్వాత దారి గురించి అడిగింది. మొదటి రాయి దగ్గర ఏముంది, రెండో రాయి దగ్గర ఏముంది అని. అలా బేరం కుదిరింది. ఒక రాయి సంగతి చెప్తే ఒక అక్షరం. రెండో రాయి దగ్గర రెండు గొర్రెల మందలు కలిసిపోయి కాపర్లు కొట్టుకున్న సంగతికి ఆవిడ ఉత్సాహం పట్టలేక ఒకే రోజు మూడక్షరాలు నేర్పేసింది.

నాలుగు. నాలుగో గవ్వ నత్తగుల్ల, లోపల నత్త బతికే ఉంది, దాన్ని వదిలేసి ఇంకొకటి వెతుక్కుంది. అసలు లెక్క మొదలైందీ ఇలా చేతికి దొరికినదాంతోనే. లక్ష్ముడు మూడు రోజుల జ్వరంలో పోయినప్పుడు సగం అల్లిన వల ఒకటి గుంజకి వేలాడుతూ ఉండిపోయింది, దారం కండెకి చుట్టినది చుట్టినట్టే. వల అల్లడం మగవాళ్ళ పని. దాన్ని చూస్తూ ఎన్నాళ్ళు కూర్చుందో మరిడమ్మకి గుర్తులేదు. ఒకనాడు ఆ దారాన్ని కండెతో సహా తెంపి నడుముకి దోపుకుని, గంప నెత్తికెత్తుకుని బయల్దేరింది. దారిలో తెల్లటి మైలురాయి వచ్చినప్పుడల్లా ఒక ముడి వేసింది. ఆయన వెయ్యకుండా ఒదిలేసిన ముళ్ళు తను వేస్తున్నట్టుగా ఉండేది. రేవులో ఉన్న పోర్టు రాయి దగ్గర ఒకటి, అక్కణ్ణించి ఏడో రాయి దాకా ఏడు, మొత్తం ఎనిమిది ముళ్ళు. నెత్తిన గంప ఉంటేనే ముడి. ఖాళీ గంపతో తిరిగొచ్చిన నడక లెక్కలోకి రాదు, అది గాలికి తిరిగినట్టే. ఏడాది తిరిగి ఉగాది ముందటి కొత్త అమావాస్య వచ్చేసరికి దారం పెద్ద ఉండ అయ్యేది. దాన్ని కుండలో వేసి కొత్తది మొదలుపెట్టేది. ఇలా తొమ్మిది ఉండలు. విశాఖపట్నం మీద బాంబులు పడిన ఏడాది ఉండ చిన్నది. జనం ఇళ్ళు వదిలి పోతుంటే చేపలు కొనేదెవరు? స్వరాజ్యం వచ్చిన ఏడాదిది అన్నిటికన్నా లావు. స్వరాజ్యం వచ్చిన రోజున కూడా ఎనిమిది ముళ్ళే పడ్డాయి కానీ, ఏడో రాయి ఊరి బళ్ళో ఎవరో చేతిలో రెండు పిప్పరమెంటు బిళ్ళలు పెట్టారు, వంజరం ముక్కలు గంట తిరక్కుండా అయిపోయాయి, తిరిగొస్తూ ఖాళీ గంప నెత్తిన బోర్లించుకుని పాట పాడింది, రోడ్డు మీద ఎవరూ లేరని. ఉండలన్నీ విప్పి లెక్కపెట్టడం అంకెలు వచ్చాకనే కుదిరింది. ఆ లావుది రెండువేల నలభై ఎనిమిది మైళ్ళు! ఆ సంఖ్య నోటితో అన్నప్పుడు మరిడమ్మకి తన కాళ్ళు వేరేవాళ్ళవిలా, దండం పెట్టదగినవిలా కనిపించాయి. పార్వతీదేవిగారు కొత్త పుస్తకం కుట్టి, తొమ్మిది ఏళ్ళకీ తొమ్మిది గీతలు గీసి పెట్టింది, ఎక్కించడమే తరువాయి.

ఆ సాయంత్రం తిరిగొస్తూ మరిడమ్మ మొదటిసారి పోర్టు రాయిని చదివింది. చదవడానికి అక్కడ అక్షరం లేదు. గుండ్రం. రేవులో ఆడవాళ్ళందరూ ఆ గుండ్రం బొట్టు పెట్టడానికి తొలిచిందని అనుకునేవారు. తెల్లదొరల రాయైనా రాయి రాయే కదా అని, బయల్దేరేముందు ఆ గుంటలో ఇంత కుంకుమ అద్ది పోయేవారు. మరిడమ్మ కుంకుమ మానేసినా పసుపు రాసేది. మర్నాడు అది చెప్తే పార్వతీదేవిగారు నవ్వీ నవ్వీ అరుగు మీద ఒరిగిపోయింది. ‘అది సున్నా. సున్నా అంటే ఏమీ లేదని అర్థం. ఇన్నేళ్ళూ ఏమీ లేనిదానికి బొట్టు పెట్టారన్నమాట మీరందరూ!’ మరిడమ్మ కూడా నవ్వింది. తర్వాత ఆవిడ నవ్వు ఆపి పలక వైపు చూసింది. ‘మరి అక్కడ ముడి వేస్తే తప్పు కదా మరిడమ్మా. అక్కడికి నువ్వింకా నడవడం మొదలుపెట్టలేదు. రోజుకి ఎనిమిది కాదు, ఏడే.’ రోజుకొకటి చొప్పున ఆ లావు ఉండలోంచే రెండువందల యాభై ఆరు మైళ్ళు కొట్టివెయ్యాలట. తొమ్మిదేళ్ళు. ఎండలో, వానలో, నెత్తిన తడిగంప కారుతూ నడిచినవి. ‘నాను ఇంటికాడ నుంచి నడిసొస్తన్నానమ్మగోరూ, ఆ రాయిలోంచి పుట్టినానేటి?’ అంది మరిడమ్మ. కోపంగానే అంది. పార్వతీదేవిగారు లోపలికి వెళ్ళి గజం బద్ద తెచ్చింది. ‘అయితే కొలిచి చెప్పు. ఇంటినుంచి రాయి దాకా మైలుంటే ఎనిమిదే రాద్దాం. లేకపోతే ఏడు. అబద్ధం మాత్రం రాయను.’

అయిదో తాడు కొస దగ్గర తెప్పలు. ఎల్లాజీ, ముసలి అప్పలసూరి, ఇంకో ఇద్దరు తెప్ప దుంగలు బిగించి కడుతున్నారు, ఇంకా నీళ్ళలోకి దించలేదు. తవిటమ్మ తాడు కొస భుజాన వేసుకుని వాళ్ళ ముందునుంచి తిన్నగా నడవబోయింది. మరిడమ్మ కాళ్ళు మాత్రం తమంతట తామే ఎడమకి తిరిగాయి, మొగలిపొదల వైపు.

‘అటేటత్తా? దారి ఇటు కదా.’

‘నా దారి అటే.’

‘రేవుకి ఒకటే దారి. తెప్పల ఎదరనుంచి తిన్నగా ఎల్లిపోతే అయిపోద్ది.’

‘తిన్నగా ఎల్తే అది నీ మైలే. నాది కాదు.’

‘ఓలమ్మోలమ్మ, మైలుకి కూడా అత్త మైలు, కోడలి మైలు ఉంటాయేటి!’

మరిడమ్మ తాడు కొస తొక్కిపెట్టి అలాగే నిలబడింది. తిన్నగా కొలిస్తే మైలు ఎటూ రాదు, అది కళ్ళకే తెలుస్తోంది. పొదల వెనకనుంచి కొలిస్తే వస్తుందేమో. కానీ అటు ఎందుకు వెళ్తావని అడిగితే చెప్పాలి, తొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే మైళ్ళు పోతాయి. ఏం పోయింది, చెప్పేస్తే కొడుకు తెప్ప మునుగుతుందా?

‘తెప్ప దించేయేళ నాను ఎదురొస్తే బాగోదే. మీ మావ పోయిన కాణ్ణించి ఎనక నుంచే ఎల్తన్నాను.’

‘ఎవలన్నారు?’

‘ఎవలూ అన్లేదు. అనకముందే ఎల్లిపోయినాను.’

తవిటమ్మ భుజం మీది తాడు దించింది. ‘మొగలిపువ్వుల కోసం ఎల్తన్నావనుకున్నాను. రోజూ ఎల్లి ఒక్క పువ్వు తేవేటని తిట్టుకున్నాను కూడా,’ అని, పొదల వైపు తనే ముందు నడిచింది.

ఆరు, ఏడు, ఎనిమిది. పొదల వెనక ఇసక లోతు, చీలమండ దాకా దిగుతుంది, తొమ్మిదేళ్ళూ దిగింది. ఇక్కడ ప్రతి అడుగూ మరిడమ్మకి ఇల్లంత తెలుసు. ఇదిగో ఈ మలుపులో మొదటి ఏడాది పొద్దున్నే ఏడుపు వచ్చేది, గంప నెత్తిన ఉంటే కళ్ళు తుడుచుకోవడం కుదరదు, చెంపల మీద అదే ఆరిపోయేది. రెండో ఏడాది ఇక్కడే ఒక ఉడుత కుటుంబం పరిచయమైంది. మూడో ఏడాది నుంచీ ఇక్కడ నడుస్తూ ఇవాళ ఏ ఇంట్లో ఏ చేప అడుగుతారో అనుకునేది, పురిటి మనిషి ఉన్నచోట సొరచేప, పంతులుగారింట్లో చాటుగా రొయ్యలు. ఎప్పుడు ఏడుపు ఆగి ఎప్పుడు రొయ్యలు మొదలయ్యాయో ఏ ముడిలో వెతికినా దొరకదు. గాలికి మొగలి వాసన గుప్పుమంది. పదమూడు, పద్నాలుగు. నిజంగానే ఒక్క పువ్వూ ఎందుకు తేలేదు? పెట్టుకునేందుకు తనకి లేదనుకుంది గానీ, కోడలి తల ఉంది కదా. ఎంత మతిమాలినతనం. పదిహేడో గవ్వ వేసుకుని మొగలి ముళ్ళు గీరుకుంటున్నా వినకుండా ఒక పూపొత్తి విరిచి కొంగులో గవ్వలతో పాటు దోపుకుంది. ‘ఏటా సప్పుడు?’ అని ముందునుంచి తవిటమ్మ కేక. ‘నీకెందుకు, నువ్వు నడు.’ పద్దెనిమిది. పంతొమ్మిది. ఇద్దరికీ మాటలు తగ్గి ఊపిరి పెరిగింది. ఇరవై. రేవు గోడ కనిపించింది. ఇరవై ఒకటి. మరిడమ్మకి ఇంత ఆత్రం పెళ్ళినాడు కూడా లేదు, అప్పటికి ఏం తెలుసు గనక.

ఇరవై రెండో తాడు పట్టుకుని తవిటమ్మ పరుగెత్తింది. తాడు బిగిసింది. అరుపు వినిపించింది, ‘అత్తా! రాయి నాకాడ లేదు! నీకాడా లేదు! మద్దిని ఉన్నాది!’

మరిడమ్మ వచ్చి చూసింది. నిజమే. తెల్లరాయి తాడుకి సరిగ్గా సగంలో నిలబడి ఉంది. దాని గుండ్రంలో నిన్నెవరో పెట్టిన కుంకుమ. ఇరవై ఒకటిన్నర. ఇరవై బారలు తక్కువ. ఇంత దూరం వచ్చి, ఇంత సంగతీ చెప్పుకుని, ఇరవై బారలు. మరిడమ్మ రాయి పక్కనే కూలబడింది. అబద్ధం రాయను అంది ఆవిడ. ఆవిడన్నదాంట్లో తప్పేం లేదు. ఏడు రాసుకుందాం, ఏం పోయింది, నడిచిన కాళ్ళు నడవలేదని అనవు కదా, అనుకుంటూనే చేతులు ఊరికే ఉండక, తాడులో ఒక పీలిక నుంచి రెండో పీలిక దాకా పట్టుకుని రెండు చేతులూ చాపింది. చేతులు అందలేదు. ఇంకా చాపింది. అందలేదు. తవిటమ్మ ఆమెకన్నా పొడుగు, తవిటమ్మకీ అందలేదు. ‘ఏటిది, మా మావ మనిసేనేటి?’ అంది ఆ పిల్ల. అప్పుడు మరిడమ్మకి పెళ్ళిపందిట్లో ఆయన వంగి వంగి లోపలికి రావడం, చూరుకి తల తగిలించుకోని రోజు లేకపోవడం, నవ్వుతూ రెండు చేతులూ చాపి తాడు పట్టుకుంటే ఆ ఎండలో నీడ ఈ కొస నుంచి ఆ కొసకి పడడం అన్నీ ఒక్కసారి కనిపించాయి. ‘కర్ర తే! బేగి తే!’ గజం బద్దని పీలిక దగ్గర ఆనించి ఒకసారి, మళ్ళీ ఆనించి రెండోసారి పెట్టారు. రెండు గజాలు అయిపోయాక ఇంకా తాడు మిగిలింది. మరిడమ్మ చెయ్యి పరిచి చూసింది. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా సరిగ్గా సరిపోయింది. జేనెడు. ఒక్కొక్క బారకీ జేనెడు చొప్పున ఎనిమిదివందల అరవై బారలు. ఆ లెక్క మరిడమ్మకి రాదు, పలక కావాలి. కానీ తక్కువైంది ఇరవై బారలు, మిగిలినవి ఎనిమిదివందల అరవై జేనలు. దానికి పలక ఎందుకు? మైలు నిండి పొంగిపోయింది. అత్తా కోడలూ ఒకళ్ళ భుజం ఒకళ్ళు పట్టుకుని నవ్వుతుంటే, రేవు పక్కనుంచి పోతున్న బండివాడు ఎడ్లని ఆపి మరీ చూశాడు. మరిడమ్మ కొంగు విప్పి గవ్వలన్నీ రాయి ముందు పోసింది, మొగలి పొత్తి తీసి తవిటమ్మ జడలో గుచ్చింది. ఏమీ లేని ఆ రాతి గుండ్రానికి ఇన్నేళ్ళు పసుపు రాసింది కదా, పాపం దానికీ ఇన్ని గవ్వలు ఇవ్వాలనిపించినట్టుంది.

తిరిగి వచ్చేటప్పుడు తవిటమ్మ తాడూ కర్రా పట్టుకుని ముందు పరుగెత్తింది, ఆగమన్నా ఆగలేదు. మరిడమ్మ నింపాదిగా వచ్చి, తెప్పలు కనిపించగానే అలవాటుగా పొదల వైపు తిరిగింది. ఎల్లాజీ కేక వినిపించింది.

‘అమ్మా! అటేటి ఎల్తన్నావు? ఇటు రా!’

పక్కన తవిటమ్మ నిలబడి ఉంది. చెప్పేసిందన్నమాట.

‘తెప్ప దించుతన్నారు కదరా!’

‘దించుతన్నాం కాబట్టే రమ్మంతన్నాను. ఎదర నుంచి రా!’

‘నా మైలు తగ్గిపోద్దిరా!’ అంది మరిడమ్మ.

‘నెత్తిన గంప లేదు కదే! గంప లేకపోతే లెక్కలోకి రాదని నువ్వే అన్నావంట!’

మరిడమ్మ అప్పలసూరి వైపు చూసింది. రేవులో అందరికన్నా పెద్దవాడు, ఆచారాలన్నీ తెలిసినవాడు. తొమ్మిదేళ్ళుగా ఆయన ఏమంటాడో అనే కదా పొదల వెనక నడిచింది. అప్పలసూరి తెప్ప నడిపే గెడ మీద చెయ్యి వేసి కళ్ళు చిట్లించి ఇటు చూస్తున్నాడు.

‘ఏటలగ నిలబడిపోయినావు మరిడీ,’ అన్నాడు, విసుగ్గా. ‘నీటి అదను పోతన్నాది. వస్తే బేగి రా!’

అంతే. అంతకు మించి ఏమీ లేదు. ఆయన ఎప్పుడూ ఏమీ అనుకోలేదు, ఆ సున్నా గుండ్రంలో ఉన్నంతే. మరిడమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని తెప్పకీ సముద్రానికీ మధ్య నుంచి నడిచింది. తడిఇసక గట్టిగా ఉంది, కాలు దిగడం లేదు, నురుగు వచ్చి పాదాలు కడిగి పోయింది. కొడుకు ముఖం, తెప్ప తోసేముందు ఎలా ఉంటుందో తొమ్మిదేళ్ళ తర్వాత చూసింది. తండ్రిలాగే నాలుక కొరుక్కుంటాడు. ఆమె దాటగానే నలుగురూ ‘హైలెస్సా’ అని తోశారు, తెప్ప మొదటి కెరటం మీదికి ఎక్కింది. ఆ దారి ఎన్ని తాళ్ళో ఆమె కొలవలేదు.

ఆ రోజు చేపలు ఎక్కువా పడలేదు, తక్కువా పడలేదు. రోజూ పడినట్టే పడ్డాయి.

పుస్తకంలో తొమ్మిది గీతల మీదా ముళ్ళెన్నో అన్ని మైళ్ళూ ఎక్కించారు, ఒక్కటీ కొట్టివెయ్యలేదు. గజం బద్ద అన్నగారు చూడకముందే కొట్లోకి చేరింది. పదో ఉండ మొదలైంది. దానికి మాత్రం రోజుకి ఏడే ముళ్ళు, ఎందుకంటే ఇప్పుడు గంపతో కూడా మరిడమ్మ తెప్పల ముందునుంచే పోతోంది. ఏడాది చివర ఇది సన్నటి ఉండే అవుతుంది. అది తలుచుకుంటే ఆమెకి నవ్వొస్తుంది. పార్వతీదేవిగారు మాత్రం ఊరుకోలేదు. ‘ఏడు రాళ్ళ సంగతీ చెప్పావు, ఈ ఎనిమిదో మైలు ఒక్కటీ దాచావు. నోటితో చెప్తే ఒప్పుకోను, రాసి తీసుకురా,’ అంది. అందుకే ఇదంతా.

ఇట్లు, మరిడమ్మ. వయసు యాభై ఎనిమిదో అరవయ్యో, పుట్టిన ఏడాది ముడి ఎవరూ వెయ్యలేదు. ఇప్పుడు ఉండేది కళింగపట్నం రేవులో, సున్నా రాయికి ఇవతల. ఎంత ఇవతల అంటే, ఏ దారిన వస్తారన్నదాన్ని బట్టి.